వంక గట్టు చెంచలాకు

కర్నూలులో ఒక కాలేజీ ల్యాబులో రెజీనా ఆకులు కడిగేది. అదేం ఉద్యోగమో వినేవాళ్లకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. చర్చిలో ఎవరన్నా అడిగితే, మనం తినే కూరాకులో ఏముందో మేడమ్ చూస్తుంది, ఆకును తయారు చేసి ఇచ్చేది నేను అని చెప్పేది. మట్టి పోయేదాకా కొళాయి నీళ్లతో కడగాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు. ఓవెన్‌లో ఒకటిన్నర రోజు ఎండబెట్టి, పొడి చేసి, జల్లించి, చిన్న డబ్బాలో వేసి నంబరు అంటించాలి. ఆ పొడిని యాసిడ్‌లో కాచి, ఆ నీళ్లను పెద్ద మిషన్‌కు పట్టించి చూడడం మేడమ్ వంతు.

పదకొండేళ్ల కింద ఆమె అదే కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. ఇంటర్ తప్పిన మనిషి. భర్త ఏసురాజు తాపీ పనికి పోతాడు. పిల్లలు కలగలేదు. కోడుమూరు దగ్గర ఎర్రబండ అనే పల్లె ఆమె పుట్టిల్లు. అక్కడ అక్క వరమ్మ ఉంది, వరమ్మ కూతురు స్తుతి ఉంది. స్తుతిని రెజీనా తన కడుపున పుట్టిన బిడ్డ లెక్కనే చూసుకునేది. ఆ పిల్ల పదో తరగతి పుస్తకాలు కొన్నదీ, పెళ్లికి చీర ఎంచినదీ ఈ చిన్నమ్మే.

ల్యాబు నడిపే రమ్యశ్రీ మేడమ్‌ది రాయచోటి. వాళ్ల నాయనకు అక్కడ కిరాణా అంగడి ఉంది. ముప్పై రెండేళ్ల పిల్ల, చదువంతా బయట చదువుకొని వచ్చింది. ఎవరూ నాటకుండా మెట్ట చేలల్లో మొలిచే ఆకుల్లో ఎంత బలముందో, ఏమన్నా చెడు ఉందో తేల్చాలని ఆమె ఒక ప్రాజెక్టు తెచ్చుకుంది. తీరా చేలోకి దిగితే ఏ ఆకు ఏదో ఆమెకు తెలియలేదు. వెంట సంచి మోయడానికి పోయిన రెజీనా ఒక్కొక్కటే తుంచి వాసన చూసి, ఇది గురుగాకు, ఇది చెంచలాకు, ఇది పాయలాకు, దీన్ని పప్పులో వేస్తారు, దాన్ని ఉడికించి మెత్తగా ఎనిపి తింటారు అని చెప్పుకుంటూ పోయింది. ఆ మరుసటి వారమే మేడమ్ ఆమెను ఊడ్చే పని నుంచి తప్పించి ల్యాబులోకి తీసుకుంది. నమూనాల రిజిస్టరులో రెజీనా చెప్పిన పేర్లే రాసింది.

ఆ సంవత్సరం వాన మొహం చాటేసింది. ఆగస్టు వచ్చినా చేలల్లో పచ్చన లేదు. ఎర్రబండలో మాత్రం చెక్‌డ్యామ్ కింద వంక గట్టున కాస్త తేమ నిలిచి, చెంచలాకు మోకాలెత్తు పెరిగింది. వరమ్మ రోజూ పొద్దున్నే ఆ గట్టున ఆకు కోసి, ఊళ్లో కొంత, కోడుమూరులో కొంత అమ్ముకునేది. రెజీనా సెలవుకు పోయినప్పుడు అక్క కోసిన ఆకులోంచే రెండు కిలోలు సంచిలో వేసుకొని ల్యాబుకు తెచ్చింది.

ముందు ఇనుము, సున్నం చూశారు. ఆ మిషన్‌లో ఒక్కో లోహానికి ఒక్కో దీపం పెట్టాలి. సీసం చూసే దీపం ఇంకా రాలేదు, ఆర్డరు పెట్టి మూడు నెలలయింది. ఉన్న దీపాలతో చూస్తే చెంచలాకులో ఇనుము దండిగా తేలింది. అంగడిలో అమ్మే పాలకూర కంటే ఎక్కువని మేడమ్ నవ్వుతూ చెప్పింది.

అప్పటికి స్తుతికి అయిదో నెల. తొలి కాన్పుకని ముందుగానే పుట్టింటికి వచ్చి ఉంది. ఒంట్లో రక్తం తక్కువని ఆశా వర్కరు మాత్రలిచ్చింది, మింగితే వాంతులయ్యేవి. రెజీనా ఆ సాయంత్రమే ఫోన్ చేసి, పిల్లకు చెంచలాకు రోజూ పెట్టమని అక్కకు చెప్పింది. అక్కడితో ఊరుకోలేదు. ఆదివారం ఎర్రబండ చర్చిలో స్త్రీల కూడికలో నిలబడి, మిషన్‌లో చూసి చెప్తాండానమ్మా, మన వంక గట్టు ఆకులో ఉన్నంత ఇనుము మందుల్లో కూడా లేదు, పిల్లలకు పెట్టండి అని అందరికీ చెప్పింది. జీవితంలో పదిమంది ముందు నిలబడి మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి. కూర్చునేటప్పుడు మనసు నిండుగా ఉండింది.

నెల గడిచినాక దీపం వచ్చింది.

మేడమ్ వరుసగా డబ్బాలన్నీ చూసుకుంటూ పోయింది. గురుగాకులో సీసం లేదనే చెప్పాలి. పాయలాకులోనూ అంతే. నలభై రెండో నంబరు దగ్గర ఆగి, మళ్లీ చూసింది. మూడోసారి చూసింది. నలభై రెండు ఎర్రబండ చెంచలాకు. ఉండదగినదానికి తొమ్మిది రెట్లు సీసం ఉంది.

రెజీనా గాజు గొట్టాలు కడుగుతూ వింటోంది. మేడమ్ తనలో తాను మాట్లాడుకున్నట్టే చెప్పింది. ఆకు వెయ్యకుండా ఉత్త యాసిడ్ కాచిన గొట్టం శుభ్రంగా ఉంది కాబట్టి తప్పు యాసిడ్‌లో లేదు, గాజులో లేదు. ఇక మిగిలింది ఎండబెట్టడం, పొడి చేయడం. అప్పుడు తిరిగి అడిగింది.

"రెజీనమ్మా, ఈ నలభై రెండును ఓవెన్‌లోనే ఎండబెట్టారు కదా?"

"ఓవెన్‌లోనే మేడమ్" అంది రెజీనా.

అది అబద్ధం. ఆ వారం ఓవెన్ పాడయింది. బాగుచేసే మనిషి నాలుగు రోజులకు గానీ రాలేదు. మేడమ్ ఏదో మీటింగుకు తిరుపతి పోయి ఉంది. ఆకు కుళ్లిపోతుందని రెజీనా మేడ మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద ఎండేసింది. ఆ మేడ కిందే పెద్ద రోడ్డు. లారీలు పోతే దుమ్ము లేచి మేడ దాకా వచ్చేది. పొడి చేసే యంత్రం కూడా అప్పుడే మొరాయిస్తే, స్టాఫ్ రూములో మూలనున్న పాత మిక్సీలో తిప్పింది. ఇవేవీ రిజిస్టరులో రాయలేదు. రాయాలని తెలుసు. మేడమ్ వచ్చినాక చెప్తాములే అనుకొని మరిచిపోయింది.

సీసం అంటే ఏమిటో ఆమెకు కొంత తెలుసు. అది తినే పిల్లల బుర్ర ఎదగదని, కడుపులో ఉన్న బిడ్డకు తల్లి రక్తంలోంచే చేరుతుందని మేడమ్ ఒకసారి విద్యార్థులకు చెప్తుంటే విన్నది. ఆ మాట ఇప్పుడు చెవిలో మోగుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, అట్లాగే మళ్లీ పెట్టేసింది.

ఇంటికి పోయే దారిలో ఆటో స్టాండు దగ్గర నిలబడి వరమ్మకు ఫోన్ చేసింది. స్తుతికి చెంచలాకు పెట్టడం ఆపమని, నువ్వు కూడా ఆ గట్టున కోయొద్దని చెప్పింది. ఏమిటికని వరమ్మ అడిగితే, సరిగా చెప్పలేకపోయింది. ఇంకా తేలలేదక్కా, తేలేదాకా ఆపు అంది.

"మొన్న పదిమందిలో నిలబడి తినమంటివి. ఈపొద్దు మానమంటాండావు. నీ మిషన్‌కు ఏమన్నా తిక్క లేసిందా ఏమి? నెలదినాలుగా పూటపూటా తింటాండాది పిల్ల. ఇప్పుడేం జెయ్యాల?" అంది వరమ్మ. కోపంగా ఏమీ అనలేదు. ఆ నెమ్మదే రెజీనా గుండెలో గుచ్చుకుంది.

ఆ రెండు రోజులూ ఆమె ప్రార్థన వింతగా ఉండింది. మామూలుగా అయితే తప్పు తనది కాకూడదని వేడుకునేది. ఇప్పుడు మాత్రం, దేవా, తప్పు నాదే కావాలని మొక్కుకుంది. రోడ్డు దుమ్ము పడి ఉండాలి, పాత మిక్సీలోంచి వచ్చి ఉండాలి, పేపరు సిరా అంటి ఉండాలి. ఉద్యోగం పోతే పోనీ, ఆకు మాత్రం మంచిదై ఉండాలి. అంతలోనే, నిజం చెప్తే మేడమ్ ఇన్నాళ్ల తన పనినంతా అనుమానిస్తుందని, మళ్లీ చీపురు పట్టుకోవాల్సి వస్తుందని భయం కమ్ముకునేది. ఏసురాజు ఆమె వాలకం చూసి ఏమయిందని అడిగాడు. చెప్పింది. అతను, నువ్వు చెప్పకపోతే ఆమె ఎప్పటికీ కనుక్కోలేదు కదా, అప్పుడు స్తుతి సంగతి తేలేదెట్ల అన్నాడు. అంతే అన్నాడు.

మూడో రోజు పొద్దున మేడమ్ సంచి బల్ల మీద పెట్టకముందే రెజీనా ఎదురుపోయి అంతా చెప్పేసింది. మేడ, పేపర్లు, మిక్సీ, అబద్ధం. స్తుతి సంగతీ చెప్పింది.

రమ్యశ్రీ అరవలేదు. రిజిస్టరు తెరిచి, నలభై రెండో వరుసలో రెజీనా చెప్పినవన్నీ తేదీతో సహా రాసింది. పక్కన రెజీనాతో సంతకం పెట్టించింది. అబద్ధం చెప్పినందుకు తనకు కష్టంగా ఉందని, దాని గురించి తర్వాత మాట్లాడుకుందామని అంది. ఆ పిల్ల ఆకు మానేసిందా అని అడిగింది. మానేసిందని విని, ఇప్పుడు ఎవరి తప్పో ఆలోచిస్తూ కూర్చుంటే తేలదు, మళ్లీ కోసి తేవడమొక్కటే దారి, రేపే పోదామని చెప్పింది.

మరుసటి రోజు ఇద్దరూ ఎర్రబండకు పోయారు. కొత్త ప్లాస్టిక్ కవర్లు, చేతి తొడుగులు మేడమ్ సంచిలో ఉన్నాయి. వరమ్మ వాకిట్లో నిలబడి చూసింది. స్తుతి మంచం మీద కూర్చొని ఉంది, మొహం పాలిపోయి ఉంది. రెజీనా దగ్గరికి పోయి తల మీద చెయ్యి వేసింది. ఏమీ కాదు చిన్నమ్మా అని ఆ పిల్లే ఆమెకు ధైర్యం చెప్పింది.

నాలుగు చోట్ల కోశారు. ఊరి పక్క బోరు కాలువ దగ్గర ఒకటి, వరమ్మ సొంత చేను గట్టున ఒకటి. తర్వాత వంకకు పోయారు. చెక్‌డ్యామ్ పైన ఒకటి, కింద ఒకటి. కింద కోసేటప్పుడు రెజీనా కాలికి ఏదో గట్టిగా తగిలింది. వంగి తీస్తే అరచేయంత నల్లటి ప్లాస్టిక్ ముక్క. ఇంకొంచెం తవ్వితే మరో రెండు. నేల అక్కడ బూడిద రంగులో ఉంది. మేడమ్ ఆ మట్టి కూడా ఒక కవర్లో వేసుకుంది.

గట్టు పైనున్న బీడు ఉరుకుందు అనే ఆ ఊరి మనిషిది. అరవై దాటినవాడు, మేకలు కాస్తాడు. వీళ్లను చూసి కర్ర ఊతంగా దిగి వచ్చాడు. ఆ ముక్కలేమిటని రెజీనా అడిగితే, అవి బ్యాటరీల పెంకులని చెప్పాడు. రెండేళ్ల కింద ఎవరో యాడనుంచో వచ్చి ఆ బీడు అడిగారట. రాళ్లు తప్ప ఏమీ పండని నేల కదా అని ఇచ్చాడు. రేకుల కొట్టం వేసుకొని, లారీల్లో పాత బ్యాటరీలు తెచ్చి పగలగొట్టి, లోపలి సీసం కరిగించి, ఆరు నెలలకు కొట్టం విప్పుకొని పోయారు. నీళ్లన్నీ చెక్‌డ్యామ్ కింద వంకలోకే వదిలేవాళ్లు.

"నాకేం తెలుసు రెజీనమ్మా. వాళ్లు పోయినాక నా మేకలు నాలుగు ఈ గట్టున మేసి, గుండ్రంగా తిరిగి తిరిగి పడి సచ్చిపోయినాయి. ఏదో గాలి సోకినాదనుకుంటి" అన్నాడు.

రమ్యశ్రీ అతని మొహం చూసి, తల దించుకుంది. రెజీనాకు అప్పుడే తెలిసిపోయింది. తన ప్రార్థన వినబడలేదు.

అయినా మిషన్ చెప్పేదాకా ఒప్పుకోలేదు. తిరిగి వచ్చినాక ఆ నాలుగు నమూనాలను ఆమె ఎట్లా కడిగిందో, ఎట్లా ఎండబెట్టిందో ఏసురాజుకు రోజూ చెప్పేది. మిగతా పనంతా పక్కన పెట్టి, ఓవెన్ వేడి గంటకొకసారి చూసి రాసుకుంది. ప్రతి డబ్బా ముందూ చేతి తొడుగులు మార్చింది. ఒకే రోజు బోరు ఆకును సగం ఓవెన్‌లోనూ, సగం మేడ మీద పేపర్ల పైనా ఎండబెట్టమని మేడమ్ చెప్పింది. మేడ మీద ఎండిన సగాన్ని ఆ పాత మిక్సీలోనే పొడి చేయమంది. అప్పటి తప్పు వల్ల ఎంత సీసం చేరి ఉండొచ్చో అట్లా తెలుస్తుందని.

అయిదో రోజు లెక్కలొచ్చాయి. బోరు ఆకు మంచిది. చేను గట్టు ఆకు మంచిది. వంక పైన కోసింది మంచిది. మేడ మీద ఎండి, మిక్సీలో తిరిగిన ఆకులో రవ్వంత సీసం చేరిందిగానీ, భయపడాల్సినంత కాదు. చెక్‌డ్యామ్ కింద కోసిన ఆకులో మాత్రం మొదటిదానికంటే ఎక్కువే ఉంది.

తప్పు తనది కాదని తేలింది. రెజీనా స్టూలు మీద కూర్చొని ఏడ్చింది. మేడమ్ మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కనే నిలబడింది.

స్తుతిని కర్నూలు తీసుకొచ్చారు. ఆసుపత్రిలో రక్తం తీసి పరీక్షకు హైదరాబాదుకు పంపారు. ఫలితం రావడానికి పది రోజులు. ఆ పది రోజులూ స్తుతి చిన్నమ్మ ఇంట్లోనే ఉంది. బిడ్డ కదిలిందా అని రెజీనా పూటకు రెండుసార్లు అడిగేది. కదలడం కాసేపు ఆలస్యమైతే ఇద్దరూ గోడ గడియారం వైపు చూసేవాళ్లు. పాలు, రాగి సంగటి, గుడ్డు బలవంతంగా పెట్టేది. నేను ఆ మాట చెప్పకుండా ఉంటే నువ్వు ఆ ఆకు ఇంత తినకపోతివి కదమ్మా అని ఒక పొద్దు ఉండబట్టలేక అంది. నువ్వు చెప్పకున్నా అమ్మ వారానికి మూడుసార్లు వండేదే చిన్నమ్మా, ఆపమని చెప్పినది నువ్వొక్కదానివే అంది స్తుతి.

ఫలితం వచ్చింది. సీసం ఉండదగినదానికంటే ఎక్కువ ఉందిగానీ, మందు ఎక్కించాల్సినంత లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆకు మానేయాలి, కాల్షియం మాత్రలు వేసుకోవాలి, నెల నెలా చూపించుకోవాలి. బిడ్డకు ఏమన్నా అవుతుందా అని రెజీనా అడిగితే, ఇప్పుడే ఏమీ చెప్పలేనని, పుట్టినాక చూస్తూ ఉండాలని అంది. ఆ ఇంట్లో ఇంకెవరు ఆ ఆకు తిన్నారని కూడా అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది వరమ్మ.

ఆమె గురించి ఎవరూ ఆలోచించలేదు. రెండేళ్లుగా రోజూ ఆ గట్టున కూర్చొని, ఆ మట్టిలో చేతులు పెట్టి, ఆ చేతులతోనే రొట్టె విరుచుకొని తిన్నది ఆమె. అమ్ముడుపోగా మిగిలిన ఆకంతా ఉడికించుకున్నది ఆమె. ఏడాదిగా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందని, చేతిలోంచి చెంబు జారిపోతోందని అంటూనే ఉంది. వయసు మళ్లింది గదా అని తనే సర్దుకుంది. రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. నాకేమైతాది, కడుపుతో ఉండేదాన్ని చూసుకోండి గానీ అంది. స్తుతి చెయ్యి పట్టుకొని, నువ్వు ఇయ్యకుంటే నేను ఈడనుంచి కదలను అన్నాక చెయ్యి చాపింది.

వరమ్మ రక్తంలో సీసం కూతురి కంటే మూడు రెట్లు ఉంది. ఆసుపత్రిలో చేర్చుకొని, సీసాన్ని బయటికి లాగే మందు అయిదు రోజులు ఎక్కించారు. రెజీనా ఆ మంచం పక్కనే కూర్చుంది. అక్క నిద్రపోతుంటే ఆమె వేళ్ల వైపు చూస్తూ ఉండేది. గోళ్ల సందుల్లో పచ్చని మరకలు అప్పటికీ పోలేదు.

మధ్యలో ఒక ఆదివారం రెజీనా ఒక్కతే ఎర్రబండ పోయి, కూడికలో మళ్లీ నిలబడింది. ముందు చెప్పింది తప్పయిందని, వంక కింది ఆకు ఎవరూ ముట్టొద్దని, చేలల్లోది, బోరు దగ్గరది తినొచ్చని చెప్పింది. కొందరు పిల్లల తల్లులు లేచి దగ్గరికి వచ్చి గుచ్చి గుచ్చి అడిగారు. వెనక వరసలో ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒకామె, పోయిన నెల ఒకటి, ఈ నెల ఒకటి, వచ్చే నెల ఏం చెప్తావో అంది. రెజీనా బడి పిల్లలకు రక్తపరీక్ష పెట్టించమని మేడమ్ రాసిన కాగితాన్ని పాస్టరయ్య చేతికిచ్చి, అర్జీ మీద అందరి వేలిముద్రలూ, సంతకాలూ తీసుకుంది. ఉరుకుందు మొదట వేలిముద్ర వేశాడు.

అధికారులు వచ్చారు, మట్టి తీసుకుపోయారు, గట్టుకు ముళ్లతీగ కట్టి బోర్డు పెట్టారు. పిల్లల్లో ఆరుగురికి ఎక్కువ ఉందని తేలి, వాళ్లకు వైద్యం మొదలుపెట్టారు. బూడిద మట్టిని తవ్వి తీసేస్తామన్నారు, ఇంకా తియ్యలేదు. కొట్టం వేసినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో ఉరుకుందుకు కూడా తెలియదు.

అబద్ధం సంగతి మేడమ్ తర్వాత మాట్లాడుతానంది కదా. ఒక రోజు పిలిచి మాట్లాడింది. ఇక మీదట ఏ తప్పు జరిగినా ఆ పొద్దే రాయాలి, తిట్టను, రాయకపోతేనే తిడతాను అంది. అంతటితో వదిలేసింది. ల్యాబులో రెజీనా పని రెజీనాకే ఉంది.

స్తుతి జనవరిలో ఆడపిల్లను కన్నది. రెండున్నర కిలోలు తూగింది. ఆరాధన అని పేరు పెట్టారు. బొడ్డుతాడు రక్తంలోనూ కొంచెం సీసం కనబడింది. ఆరు నెలలప్పుడు చూస్తే తగ్గింది. ఏడాది నిండినాక మళ్లీ చూడాలన్నారు. పిల్ల నవ్వుతుంది, బోర్లా పడుతుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది. ఆ తిరిగి చూసే వేగాన్ని కూడా రెజీనా మనసులో కొలుస్తూ ఉంటుంది. ఒక పొద్దు పిలిచినా చూడకపోతే, గిలక్కాయ చప్పుడు చేసి చూసేదాకా ఊరుకోదు.

వరమ్మ చేతిలో పట్టు కొంచెం వచ్చింది. కడుపు నొప్పి పోయింది. ఈ సంవత్సరం వానలు పడ్డాయి కాబట్టి చేలల్లోనే ఆకు దొరుకుతోంది. మొన్న రెజీనా పోయినప్పుడు ఇద్దరూ కలిసి గురుగాకు కోశారు. వరమ్మ ఒక్కో గుప్పెడూ తుంచి, మొదళ్ల మట్టి దులిపి, బుట్టలో వేసే ముందు చెల్లెలి మొహం చూసేది. రెజీనా ఆకునూ అక్క చేతులనూ చూసి తలూపేది.

"ఎన్నాళ్లు చూస్తావే ఇట్ల నన్ను?" అంది వరమ్మ చివరికి.

"నాకు భయం పోయేదాకా అక్కా" అంది రెజీనా.

ఎండ పైకొచ్చింది. వరమ్మ బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకొని ఊరివైపు నడిచింది. రెజీనా ఆమె వెనకాలే నడిచింది.